ఇంటికి పిట్టగోడ
(అగ్ని ప్రమాదముల నుండి కుటుంబమును కాపాడుకొనుటను గూర్చిన పాఠము)

చదువవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 22:8; నిర్గమకాండము 22:6; మత్తయి 4:5-7



బైబిలు దేశములో ఇండ్లకు చదునైన మిద్దెలు ఉండెడివి. ఇంటివారు సాయంకాలము ఆ మిద్దెమీద కూర్చుండెడివారు. పంటను అక్కడనే ఆరబోసెడివారు. ప్రార్థనకును అక్కడికే ఎక్కెడివారు. రాహాబు వేగులవారిని దాచినది మిద్దెమీదనే. యొప్పేలో పేతురు ప్రార్థన చేయుటకు వెళ్లినదియు మిద్దెమీదికే. పిల్లలు, అతిథులు, ముసలివారు తిరుగు ఆ చోటునుండి ఎవరైనను కాలు జారి పడవచ్చును. అందుచేత క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దె చుట్టు పిట్టగోడ పెట్టవలెనని ధర్మశాస్త్రము విధించినది. గోడ లేనందున ఎవరైనను పడి చనిపోయినయెడల ఆ దోషము ఇంటిమీదికి వచ్చునని కూడ హెచ్చరించినది.

ఈ చిన్న ఆజ్ఞలో మూడు సంగతులు గమనింపుడి. మొదటిది, ఇది ప్రమాదము జరుగక ముందు చేయవలసిన పని. రెండవది, ఈ పని ఇంటి యజమానునిది. పడినవాడు చూచుకొని నడువవలసినదని అతడు తప్పించుకొనలేడు. మూడవది, ఆ గోడకు అయ్యెడి ఖర్చును దేవుడు వ్యర్థముగా ఎంచలేదు. దానిని ఆరాధన నియమములతోపాటు ఆజ్ఞలలో చేర్చెను.

మన గ్రామములలో మిద్దెమీదనుండి పడువారికంటె నిప్పు వలన నష్టపోవువారే ఎక్కువగా మన కంటపడుచున్నారు. ఫాల్గుణము దాటి ఎండలు ముదిరి, పడమటి గాలి వీచనారంభించినప్పుడు ఒక్క రవ్వ చాలును. గనుక నిప్పు విషయములో మన ఇంటి పిట్టగోడ ఏదియో ఈ పాఠములో ఆలోచింతము.

ప్రార్థన చేసితిమి గదా, ఇక భయమేల?

మేము గృహదర్శనమునకు వెళ్లి పగిలిన గ్యాసు ట్యూబును గాని, అతుకుల కరెంటు తీగను గాని చూపినప్పుడు కొందరు, “అయ్యగారూ, అంతా ప్రభువు చేతిలో ఉన్నది” అని చెప్పుచున్నారు. ఈ మాట సగము నిజము. దేవాలయ శిఖరముమీదనుండి దుముకుము, దూతలు పట్టుకొందురు అని శోధకుడు చెప్పినప్పుడు మన ప్రభువు దుముకలేదు. దేవుని శోధింపకూడదని జవాబిచ్చెను. పగిలిన ట్యూబును మార్చక కాపుదల కొరకు ప్రార్థించుట ఆ శిఖరముమీద నిలుచుటవంటిది. రాత్రి కుటుంబ ప్రార్థనయు, పండుకొనుటకు ముందు పొయ్యి చూచుటయు ఒకే భక్తికి రెండు చేతులు.

వంటయిల్లు

నిప్పు నిలుచుటకు మూడు కావలెను: కాలెడి వస్తువు, వేడి, గాలి. వీటిలో ఏ ఒక్కదానిని తీసివేసినను నిప్పు ఆరును. ఈ పాఠములోని జాగ్రత్తలన్నిటికిని ఇదే మూలము.

కట్టెల పొయ్యి ఉన్నవారు పొయ్యి చుట్టు రెండు మూరల మేర కట్టెలు, పిడకలు, ఎండు కొబ్బరి మట్టలు లేకుండ చూచుకొనవలెను. తడి కట్టెలు మండలేదని పొయ్యిలో కిరోసిను పోయరాదు. మంట ధారను పట్టుకొని డబ్బాలోనికి ఎక్కును. పొయ్యిలోని బూడిద పైకి చల్లగా కనబడినను లోపల నిప్పు కణికలు గంటలకొలది బ్రతికియుండును. దానిని పెంటకుప్పమీద వేయుటకు ముందు నీళ్లు చల్లి, కట్టెతో కలిపి, మరల చల్లవలెను. వంట చేయు తల్లులు పైటకొంగును నడుమునకు దోపుకొనవలెను. నూలు చీర కాలినను శరీరమునకు అంటుకొనదు. నైలాను, పాలియెస్టరు చీరలు కరగి చర్మమునకు అంటుకొనును. కావున వంటపూట నూలుబట్టయే మేలు.

ప్రధానమంత్రి ఉజ్జ్వల పథకము 2016 మే నెలలో ఆరంభమైన తరువాత పొగతో కన్నులు చెడిన అనేకమంది తల్లుల ఇండ్లకు గ్యాసు వచ్చినది. ఇది గొప్ప మేలు. అయితే దానిని ఎరిగి వాడుకొనవలెను. వంటగ్యాసునకు స్వతహాగా వాసన లేదు. కారినప్పుడు మనకు తెలియవలెనని ఘాటైన వాసనగల పదార్థమును దానిలో కలుపుదురు. అది గాలికంటె బరువైనది గనుక పైకి పోక నేలబారున పరచుకొని మూలలలో నిలుచును. ఆ వాసన తగిలినప్పుడు అగ్గిపుల్ల గీయరాదు. లైటు స్విచ్చి వేయరాదు. వెలుగుచున్నదానిని ఆర్పను కూడ రాదు, ఏలయనగా స్విచ్చిలో పుట్టు చిన్న రవ్వయే చాలును. పొయ్యి మీటలు, రెగ్యులేటరు కట్టి, తలుపులు కిటికీలు తెరచి, అందరును బయటికి వచ్చి, బయటనుండి 1906 నంబరునకు ఫోను చేయవలెను. గ్యాసు లీకులను తెలియజేయుటకే ఆ నంబరు ఏర్పాటు చేయబడినది.

గ్యాసు బండను ఎల్లప్పుడు నిలువుగానే ఉంచవలెను. పొయ్యి బండకంటె ఎత్తుగా గట్టుమీద ఉండవలెను. బండ పైభాగమునగల పట్టీమీద ఒక అక్షరము, రెండు అంకెలు వ్రాసియుండును. అది మరల పరీక్ష చేయవలసిన గడువు. ఏ అనగా మార్చి, బి అనగా జూన్, సి అనగా సెప్టెంబరు, డి అనగా డిసెంబరు నెలాఖరు. బి-27 అని యున్నయెడల 2027 జూన్ నెలాఖరు వరకు గడువు. గడువు దాటిన బండను తెచ్చినయెడల మొగమాటము లేక త్రిప్పి పంపవలెను. ట్యూబుమీద కూడ గడువు అచ్చువేయబడియుండును. గడువు దాటినను, పగుళ్లు కనబడినను మార్చవలెను. గ్యాసు కారుచున్నదో లేదో సబ్బు నురుగు రాచి చూడవలెను, బుడగలు వచ్చిన చోట లీకు ఉన్నట్టు. అగ్గిపుల్లతో ఎన్నడును చూడరాదు.

బాణలిలో నూనె అంటుకొనినప్పుడు నీళ్లు పోయుట చాలమంది చేయు ప్రాణాంతకమైన పని. నీరు నూనెకంటె బరువైనది గనుక అడుగునకు దిగి, ఆ వేడికి ఒక్కసారిగా ఆవిరి యగును. ఆవిరి యైనప్పుడు నీరు సుమారు 1,700 రెట్లు ఉబ్బును. మండుచున్న నూనెను కప్పువరకు ఎగజిమ్మును. పొయ్యి ఆర్పి, బాణలిని కదపక, మూతగాని పెద్ద పళ్లెముగాని ప్రక్కనుండి జరిపి కప్పవలెను. గాలి అందక మంట ఆరును. పూర్తిగా చల్లారువరకు మూత తీయరాదు.

కరెంటు

ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని లావుపాటి రాగి తీగ చుట్టువారు కలరు. ఫ్యూజు కాలిపోవుట దాని తప్పు కాదు, అదే దాని పని. గోడలోని తీగ కాలకముందే తాను కాలి, తీగమీద మోయలేని భారము పడినదని అది మనకు చెప్పుచున్నది. కావలివాని నోరు మూసి, దొంగ రాలేదని సంతోషింపవచ్చునా? అతుకుల తీగలు, ఒకే ప్లగ్గునకు మోటారు, హీటరు, ఇస్త్రీపెట్టె తగిలించుట, తాటాకు కప్పులోనుండి తీగలు లాగుట, ఇవన్నియు మాన్పింపవలసినవి. నేర్చినవానితో తీగలు చూపించి, ఎర్తు వేయించి, కరెంటు కారినప్పుడు తనంతట తానే ఆపు బ్రేకరును పెట్టించుకొన్నయెడల పిల్లలకు షాకు భయమును, ఇంటికి నిప్పు భయమును తగ్గును.

సెల్‌ఫోనును దిండు క్రింద గాని, పరుపుమీద గాని చార్జింగు పెట్టి నిద్రపోరాదు. విద్యుత్ స్కూటరు బ్యాటరీని పండుకొను గదిలో పెట్టరాదు. 2022 ఏప్రిల్ నెలలో నిజామాబాదులోను, విజయవాడలోను రాత్రివేళ ఇంటిలో చార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీలు ప్రేలి మనుష్యులు మరణించిరి. ఇంటివారు మేలుకొనియుండగా, తలుపు దారికి అడ్డము లేని చోట దానిని పెట్టుట మంచిది.

కరెంటు వలన మంట పుట్టినయెడల మొదట మెయిను ఆపవలెను. అది ఆపక నీళ్లు పోసినవానికి షాకు కొట్టును.

దీపములు, పండుగలు

కరెంటు పోయినప్పుడు కొవ్వొత్తిని పెట్టెమీదనో, ప్లాస్టికు డబ్బామీదనో అతికించి మరచిపోవుట అందరి ఇండ్లలో జరుగునదే. కొవ్వొత్తిని నీళ్లు పోసిన పళ్లెము మధ్య నిలుపవలెను. దోమతెర దగ్గర దీపము గాని, దోమల కాయిలు గాని ఉంచరాదు. మంచములో పండుకొని చుట్ట, బీడీ త్రాగు తాతలకు నెమ్మదిగా, గౌరవముతో చెప్పి మాన్పింపవలెను.

క్రిస్మసు దినములలో మనము కాగితపు నక్షత్రము కట్టి, లోపల బల్బు పెట్టి, రాత్రియంతయు వెలిగింతుము. కాగితమునకు తగులునట్లు వేడెక్కు బల్బు పెట్టక, తక్కువ వేడిగల చిన్న ఎల్.ఇ.డి. బల్బు పెట్టి, పండుకొనునప్పుడు ఆర్పవలెను. పశువుల పాకలో గడ్డి పరచి, దానిలో కొవ్వొత్తులు వెలిగించుట అందముగా నుండవచ్చును గాని, ఆ ప్రక్కనే పత్తి అంటించిన గడ్డములతో మన పిల్లలు జ్ఞానుల వేషములు వేసికొని నిలుచుచున్నారని పెద్దలు మరువరాదు.

కప్పు, గడ్డివాము, పొరుగువాడు

నిర్గమకాండములో ఇంకొక ఆజ్ఞ కలదు. ఒకడు ముట్టించిన నిప్పు కంచెను పట్టుకొని పొరుగువాని పంటను కాల్చినయెడల ముట్టించినవాడే ఆ నష్టమును తీర్చవలెను. కావలెనని కాల్చితివా అని ఆ ఆజ్ఞ అడుగుట లేదు. నిప్పు నీది గనుక బాధ్యతయు నీదే అనుచున్నది. గాలి దినమున వరికొయ్యలకు నిప్పు పెట్టువారు, ఇంటి ప్రక్క చెత్త కాల్చి లోనికి పోవువారు దీనిని తలంచుకొనవలెను.

పూరిల్లు పైనుండి కాలును. కప్పు నిమిషములలో అంటుకొని, మండుచున్న తాటాకు లోపలివారి తలలమీద పడును. 2004 జూలై 16వ తేదీన తమిళనాడులోని కుంభకోణములో ఒక పాఠశాలలో వంటశాలనుండి లేచిన నిప్పు తరగతుల పూరికప్పునకు ప్రాకినది. 94 మంది పిల్లలు చనిపోయిరి. అవి మనవంటివారి పిల్లలే. వంట పాకను ఇంటి కప్పునకు ఎడముగా వేసికొనుట, పొయ్యి పైభాగమున రేకు పెట్టుట, గడ్డివామును ఇంటికి దూరముగా, గాలి వాలున ఇంటిమీదికి రాని వైపున వేయుట, వేసవిలో వాకిట నీళ్ల తొట్టి, ఇసుక బస్తా, నిచ్చెన సిద్ధముగా నుంచుట - ఇవి పేదవాడు కూడ కట్టగలిగిన పిట్టగోడ.

పొరుగు కప్పు అంటుకొన్నప్పుడు మొదట ఆ యింటి మనుష్యులను బయటికి తేవలెను. తరువాత పశువుల పలుపులు విప్పవలెను, కోయవలసివచ్చినను కోయవలెను. ఆ తరువాత ఇరుగుపొరుగు కప్పులమీద తడిపిన గోనెపట్టాలు పరువవలెను. ఆ వేళ కులమేది, పేట ఏది అని చూచువాడు మంచి సమరయుని కథను వినియు విననివాడే.

తాళము వేసిన తలుపు

ఈ పాఠములో మేము ముఖ్యముగా చెప్పగోరునది ఇదే. మిరప కోతల దినములలోను, నాట్ల దినములలోను తెల్లవారుజామునే కూలికి పోవు తలిదండ్రులు చిన్నపిల్లలను లోపల ఉంచి, బయట తాళము వేసి పోవుచున్నారు. పిల్లవాడు చెరువువైపు పోవునేమో, రోడ్డుమీదికి పోవునేమో అని వారు అట్లు చేయుదురు. అది ప్రేమచేత చేయునదే. వారిని నిందించుటకు మాకు నోరు రాదు, ఏలయనగా ఒక దినపు కూలి పోయిన ఇంటిలో పొయ్యి వెలుగదు. అయినను లోపల నిప్పు పుట్టినయెడల ఆ తాళమే ఆ పిల్లలకు సమాధి రాయి యగును. మంట చూచి భయపడిన చిన్నవారు బయటికి పరుగెత్తక మంచము క్రిందను, గాదె వెనుకను దాగుకొందురు, పిలిచినను పలుకరు.

గనుక మేము సంఘములను వేడుకొనుచున్నాము. కోతల నెలలలో స్త్రీల సమాజములోని పెద్దమ్మలు, మామ్మలు వంతులవారీగా మందిరపు వసారాలో పిల్లలను కూర్చుండబెట్టుకొందురు గాక. దానికి చాప, కడవెడు నీళ్లు, గంజి, ఓపికగల ఒక ముసలమ్మ చాలును. చిన్నపిల్లలను తన యొద్దకు రానిమ్మని ప్రభువు పలికిన మాటను మనము ఆదివారపు బడిలో నేర్పుచున్నాము. పనిదినములలో దానిని నెరవేర్చుటకు ఇది ఒక మార్గము. ఎవరి పిల్లలు అని అడుగక అందరి పిల్లలను చేర్చుకొనవలెను.

పిల్లలకు అగ్గిపెట్టె అందని ఎత్తున ఉంచుట ఎంత అవసరమో, నిప్పు చూచినప్పుడు దాగకూడదని, బయటికి పరుగెత్తి కేక వేయవలెనని నేర్పుట అంత అవసరము. ఇంటిలో నడువలేని అవ్వ యున్నయెడల ఆమె మంచము తలుపునకు దగ్గరగా వేయవలెను. ఆమెను ఎవరు ఎత్తుకొని రావలెనో ముందుగానే పేరు పెట్టి చెప్పుకొనవలెను. అందరును చేరవలసిన చోటు ఒకటి ఏర్పరచుకొనవలెను - ఎదుటి వేపచెట్టు గాని, చేతిపంపు గాని. అక్కడ తలలు లెక్కపెట్టవలెను. పట్టా కాగితములు, రేషను కార్డు, పిల్లల చదువు సర్టిఫికెట్లు ఒక్క రేకు పెట్టెలో తలుపు దగ్గర ఉంచి, నకళ్లు బంధువుల ఇంట ఉంచవలెను. బయటపడినవారు కాగితముల కొరకు, సొమ్ముల కొరకు తిరిగి లోపలికి పోయి ప్రాణములు విడుచుచున్నారు. పట్టాను మరల వ్రాయించుకొనవచ్చును.

అంటుకొనిన తరువాత

మంటకంటె ముందు పొగయే చంపును. పొగ పైకి లేచును గనుక నేలకు దగ్గరగా ప్రాకుచు, తడిగుడ్డ ముక్కునకు అడ్డము పెట్టుకొని బయటికి రావలెను. వెంటనే 101 నంబరునకు గాని 112 నంబరునకు గాని ఫోను చేసి గ్రామము, మండలము, దగ్గరి గురుతు చెప్పవలెను.

బట్టలు అంటుకొనినవారు పరుగెత్తరాదు. పరుగు గాలినిచ్చి మంటను పెంచును. నిలిచి, నేలమీద పడి, ముఖమును చేతులతో కప్పుకొని అటు ఇటు దొర్లవలెను. చూచినవారు మందపు దుప్పటి గాని, గోనెపట్టా గాని కప్పి మంట అణచవలెను.

మంట ఆరిన వెంటనే కాలిన చోట 20 నిమిషములు చల్లని నీరు ధారగా పోయవలెను. గాజులు, ఉంగరములు, మొలత్రాడు వాపు రాకమునుపే తీయవలెను. చర్మమునకు అంటిన బట్టను లాగరాదు. పేస్టు, పసుపు, నెయ్యి, సిరా, దోసెపిండి ఏదియు పూయరాదు. ఇవి వేడిని లోపలనే నిలుపును, పుండు చీము పట్టునట్లు చేయును, వైద్యుడు గాయమును చూడకుండ చేయును. మంచుగడ్డయు పెట్టరాదు. బొబ్బలను చిదుపరాదు. శుభ్రమైన బట్ట వదులుగా కప్పి, గాయము అరచేతికంటె పెద్దదైనను, ముఖము, చేతులు, మర్మస్థానములు కాలినను, కాలినవారు పిల్లలైనను, 108 పిలిచి ఆసుపత్రికి తీసికొనిపోవలెను. మందిరములో నూనె రాచి ప్రార్థించుట కొరకు ఆలస్యము చేయరాదు. ప్రార్థన దారిలోనే చేయవచ్చును.

ఇంటివారు కలిసి ఆలోచించుటకు ప్రశ్నలు

1. రాత్రి చివరగా పండుకొనువారు ఎవరు? పొయ్యి, గ్యాసు, దీపము చూచుట వారికి అప్పగించితిమా?

2. మన గ్యాసు బండ మీదను, ట్యూబు మీదను వ్రాసియున్న గడువు ఏమి? ఈ పాఠము ముగిసిన వెంటనే లేచి చూడుడి.

3. తలుపు వైపు నిప్పు పుట్టినయెడల బయటపడుటకు మరియొక దారి ఉన్నదా?

4. ఇంటిలో నడువలేనివారిని ఎవరు తెత్తురు? అందరును ఎక్కడ చేరుదురు?

5. మన వీధిలో తాళము వేసిన తలుపు వెనుక పిల్లలు ఉన్న ఇల్లు ఏది? ఆ ఇంటికి మనము ఏమి చేయగలము?

ప్రతి సంవత్సరము ఏప్రిల్ 14వ తేదీన అగ్నిమాపక దినము ఆచరింపబడుచున్నది. 1944లో ఆ దినమున బొంబాయి రేవులో ఓడ ప్రేలినప్పుడు నిప్పు ఆర్పబోయి ప్రాణములిచ్చిన సిబ్బంది జ్ఞాపకార్థము అది ఏర్పడినది. ఆ వారములో ప్రతి సంఘమును ఒక సాయంకాలము ఈ ప్రశ్నలకు కేటాయించి, దగ్గరి అగ్నిమాపక కేంద్రమువారిని పిలిచి నేర్చుకొనవలెనని మా మనవి.

పిట్టగోడ కట్టినవాడు అది ఎవరిని కాపాడినదో ఎప్పటికిని ఎరుగడు. పడనివాడు వచ్చి కృతజ్ఞతలు చెప్పడు. అయినను దేవుడు ఆ గోడను చూచుచున్నాడు. మీ గృహములను, మీ బిడ్డలను ఆయన కాపాడును గాక. ఆ కాపుదలలో మీ చేతులును పాలు పొందును గాక. ఆమేన్.